ఓపెన్‌లో టెన్త్ కడితే మా వాడి చదువు అక్కడితో ఆగిపోతుందా?

ప్రశ్న: నమస్కారమండీ. మాది ప్రొద్దుటూరు. మా అబ్బాయికి వచ్చే నవంబరుకి పదిహేనేళ్ళు నిండుతాయి. ఎనిమిది దాకా ఊళ్ళోనే ప్రైవేటు స్కూల్లో చదివాడు. తొమ్మిదికి వేరే ఊళ్ళో హాస్టల్లో వేస్తే దసరా సెలవులకు వచ్చి మళ్ళీ పోనని మొండికేశాడు, సరిగ్గా తినేవాడు కాదు, నిద్రపోయేవాడు కాదు. ఇక మేమే మాన్పించాం. అప్పటినుంచి ఇంట్లోనే చదువు. నేను బీఎస్సీ చదివాను, లెక్కలు, సైన్సు చెప్తాను, మిగతావి వాడే చదువుకుంటాడు. మా ఆయనకు మోటార్ వైండింగ్ షాపు ఉంది, సాయంత్రమైతే వాడు అక్కడే కూర్చుని బోరు మోటార్ల స్టార్టర్ డబ్బాలు విప్పుతూ ఉంటాడు. ఇప్పుడు పదో తరగతి ఎట్లా రాయించాలో తెలియడం లేదు. ఒకరు ఓపెన్ స్కూల్ అంటారు, ఒకరు ఎన్‌ఐఓఎస్ అంటారు. డాలస్‌లో ఉన్న మా మరిది అమెరికా కాలేజీల కోసం రాసే శాట్ పరీక్ష రాయిస్తే చాలంటాడు. మా బావగారేమో ఓపెన్ సర్టిఫికెట్ చిత్తుకాగితం, దాంతో ఇంజనీరింగ్ సీటు రాదు అంటున్నారు. మొన్న వార్డు సచివాలయం నుంచి వచ్చి పిల్లోడు బడికెందుకు పోవడం లేదని రాసుకుపోయారు. ఏమైనా కేసు అవుతుందేమోనని భయంగా ఉంది. ఆధార్‌లో వాడి పుట్టిన తేదీ కూడా మున్సిపాలిటీ సర్టిఫికెట్‌తో కలవడం లేదు. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, ముందు ఆ భయం సంగతి చూద్దాం. కేసూ లేదు, గీసూ లేదు. పిల్లల్ని ఇంట్లో చదివించడం నేరమని చెప్పే చట్టం మన దేశంలో లేదు. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లల గురించి మాట్లాడుతుంది, అందులో నిర్బంధం అన్నది ముఖ్యంగా ప్రభుత్వం నెత్తిన పెట్టిన బాధ్యత. పిల్లల్ని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అని ఒక మాట ఉంది గానీ చేర్పించకపోతే ఫలానా శిక్ష అని ఎక్కడా రాయలేదు. పైగా మీవాడికి 14 నిండిపోయాయి. సచివాలయం వాళ్ళు రాసుకుపోయేది బడి మానేసిన పిల్లల లెక్క కోసం. ఈసారి వస్తే ఓపెన్‌లో టెన్త్ కట్టిస్తున్నామని చెప్పండి, అడ్మిషన్ అయ్యాక ఆ రసీదు చూపించండి, సరిపోతుంది. పిల్లల్ని బడికి పంపే తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు మాత్రం ఆశించకండి, అది బడిలో పేరు, హాజరు ఉన్న పిల్లలకే.

ఇక మీ బావగారి మాట. చిత్తుకాగితం అన్నది తప్పు, కానీ ఆయన భయంలో కొంత నిజం ఉంది. ఓపెన్ సర్టిఫికెట్‌తో తెరుచుకునే తలుపులు చాలా ఉన్నాయి, తెరుచుకోనివి కొన్ని ఉన్నాయి, ఆ కొన్ని ఏవో ముందే తెలియక పోయినవాళ్ళే తర్వాత అది పనికిరాలేదని ఊరంతా చెబుతారు. అందుకే నా సలహా ఒక్కటే: ఏ బోర్డులో టెన్త్ కట్టాలి అన్న దగ్గర మొదలుపెట్టకండి. మీవాడు 16, 17 ఏళ్ళకు ఎక్కడ కూర్చుని చదువుతుంటే బాగుంటుందో అది ముందు అనుకోండి, అక్కడికి పోవడానికి ఏ పరీక్ష రాయాలో, ఆ పరీక్ష వాళ్ళు ఏ కాగితాలు అడుగుతారో చూడండి, అప్పుడు వెనక్కి వచ్చి టెన్త్ ఫారం పట్టుకోండి.

మీకున్న దారులు చెప్తాను. ప్రభుత్వం మార్చిలో పెట్టే మామూలు పది పరీక్షకు పేర్లు స్కూలు నుంచే వెళ్ళాలి. దాంట్లో ప్రైవేటుగా రాసేది ఒకసారి రాసి తప్పినవాళ్ళు. సీబీఎస్ఈ కూడా అంతే, బయటి పిల్లోణ్ణి కొత్తగా ప్రైవేటు అభ్యర్థిగా తీసుకోదు. కాబట్టి ఇంట్లో చదివే పిల్లలకు మిగిలేవి రెండు. ఒకటి మన రాష్ట్రానిది, ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం, జనం ఏపీ ఓపెన్ స్కూల్ అనేది దాన్నే. 1991 నుంచి ఉంది. రెండోది కేంద్రానిది, జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, ఎన్‌ఐఓఎస్. 1979లో సీబీఎస్ఈ కింద చిన్న ప్రాజెక్టుగా మొదలై 1989లో సొంత సంస్థ అయింది. రెండూ ప్రభుత్వ బోర్డులే, రెండింటి సర్టిఫికెట్టూ మామూలు టెన్త్‌తో సమానమే. టెన్త్‌కి 14 ఏళ్ళు, ఇంటర్‌కి 15 ఏళ్ళు నిండితే చాలు. ఐదు సబ్జెక్టులు తీసుకోవాలి. ఒకసారి పేరు నమోదైతే ఐదేళ్ళ పాటు చెల్లుతుంది, ఆ లోపల తొమ్మిది సార్లు రాసుకోవచ్చు, పాసైన సబ్జెక్టు మళ్ళీ రాయనక్కర్లేదు. పాస్ మార్కు రాష్ట్రం దాంట్లో 35, ఎన్‌ఐఓఎస్‌లో 33.

టెన్త్ వరకు మీకు ఏపీ ఓపెన్ స్కూలే నయం అంటాను. స్టడీ సెంటర్లు ఎక్కువగా మన జిల్లా పరిషత్ హైస్కూళ్ళలోనే ఉంటాయి, ఆదివారాలు, సెలవు రోజుల్లో క్లాసులు పెడతారు, ఏదైనా తేడా వస్తే కడపలో డీఈవో ఆఫీసుకు పోయి అడగొచ్చు. ఎన్‌ఐఓఎస్‌లో వ్యవహారమంతా ఆన్‌లైన్‌లో నడుస్తుంది, అది కొందరికి సుఖం, కొందరికి తలనొప్పి. దాంట్లో ఒక మంచి సంగతి, పబ్లిక్ పరీక్షలు ఏప్రిల్-మే, అక్టోబర్-నవంబర్‌లలో రెండుసార్లు ఉంటాయి, అవి కాక తయారైనప్పుడు వెళ్ళి రాసే ఆన్ డిమాండ్ పరీక్ష కూడా ఉంది. తొందర ఉన్నవాళ్ళకు, ఊళ్ళు మారే ఉద్యోగస్థుల పిల్లలకు అది పనికొస్తుంది. మీకు తొందరేమీ లేదు కదా.

ఇప్పుడు అసలు జాగ్రత్త. ఓపెన్ ఫారంలో సబ్జెక్టులు ఎంచుకునే పేజీ ఒకటి ఉంటుంది, కొంపలు మునిగేది అక్కడే. రెగ్యులర్ టెన్త్‌లాగా అందరికీ అవే సబ్జెక్టులు ఉండవు, ఒక లిస్టు ఇచ్చి ఐదు ఏరుకోమంటారు. లెక్కలు వదిలేసి హోమ్ సైన్సో, బిజినెస్ స్టడీసో పెట్టుకున్నా నిబంధన ఒప్పుకుంటుంది. ఫారం నింపిపెట్టే నెట్ సెంటర్ వాళ్ళకు, మధ్యలో దూరే ఏజెంట్లకు కావాల్సింది పిల్లోడు పాసవ్వడం, అందుకని అడక్కుండానే సులువైనవి టిక్కు పెట్టేస్తారు. పిల్లోడు పాసవుతాడు, ఇంట్లో స్వీట్లు పంచుతారు, తర్వాత ఎంపీసీలో చేరడానికో పాలిటెక్నిక్‌కో పోతే నీ టెన్త్‌లో మ్యాథ్స్ లేదు కదా అంటారు. మీవాడి ఫారంలో తెలుగు, ఇంగ్లిష్, మ్యాథ్స్, సైన్స్, సోషల్, ఈ ఐదూ ఉండాలి. సబ్మిట్ నొక్కే ముందు మీరే స్క్రీన్ మీద చూసి చదవండి. వాణ్ణి కూడా చదవమనండి, పరీక్ష రాసేది వాడే కదా.

ఏజెంట్ల మాట వచ్చింది గనక ఇంకో ముక్క. బస్టాండ్ గోడల మీద, కరెంటు స్తంభాల మీద పాస్ గ్యారంటీ అని ఫోన్ నంబర్లతో కాగితాలు అంటించి ఉంటాయి, మీరూ చూసే ఉంటారు. వాళ్ళల్లో కొందరు నిజం ఓపెన్ స్కూల్‌కే కట్టించి మధ్యలో డబ్బులు తింటారు, కొందరు ఎక్కడో ఢిల్లీ పేరుతో ఉన్న దొంగ బోర్డు సర్టిఫికెట్ అచ్చేసి చేతిలో పెడతారు. ఒక బోర్డు నిజమో కాదో తేల్చుకోవడానికి కోబ్సే అనే స్కూలు బోర్డుల సమాఖ్య సభ్యుల జాబితా చూడండి. మన ఓపెన్ స్కూలూ, ఎన్‌ఐఓఎస్సూ ఆ జాబితాలో ఉన్నాయి. లేని బోర్డు జోలికి అసలు పోకండి, అది ఎంత చవగ్గా ఇచ్చినా సరే.

టెన్త్ తర్వాత ఏంటి అన్నదానికి వస్తున్నాను, మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన వాక్యం కూడా ఇక్కడే ఉంది. స్టార్టర్ డబ్బా విప్పుతాడని రాశారు. దాంట్లో కాంటాక్టర్, ఓవర్‌లోడ్ రిలే ఉంటాయి, పచ్చ బటన్ నొక్కితే కాయిల్‌కి కరెంటు పోయి కాంటాక్టులు పట్టుకుంటాయి, ఎర్ర బటన్ నొక్కితే వదులుతాయి, మోటారు ఎక్కువ కరెంటు లాగితే రిలే తెంపేస్తుంది. ఇది పద్నాలుగేళ్ళకు చేత్తో తెలిసిన పిల్లోడికి ఇంటర్ ఎంపీసీ, జేఈఈ కోచింగ్ ఒక్కటే దారని ఎందుకనుకోవాలి? పాలిటెక్నిక్ డిప్లొమాలకు ఎంట్రన్స్ అయిన పాలిసెట్ రాయించడం గురించి గట్టిగా ఆలోచించండి. ఓపెన్ టెన్త్ వాళ్ళు రాయొచ్చు, మ్యాథ్స్ సహా అన్నీ పాసై ఉండాలంతే. రెండు గంటల పేపరు, 120 ప్రశ్నలు, అందులో లెక్కలు 50, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 30, తప్పు రాస్తే మార్కు కోయరు. మీ ప్రొద్దుటూరులోనే గవర్నమెంట్ పాలిటెక్నిక్ ఉంది, ఇంటి నుంచే పోయి రావొచ్చు, హాస్టల్ మాటే ఉండదు. మూడేళ్ళ డిప్లొమా అయ్యాక ఈసెట్ రాస్తే బీటెక్ రెండో ఏడాదిలో నేరుగా చేరతాడు. మొత్తం మీద ఇంటర్, బీటెక్ చదివినవాడికి పట్టే ఆరేళ్ళే వీడికీ పడతాయి, కాకపోతే మధ్యలో చేతికి ఒక పని వస్తుంది.

ఒక చిక్కు ఉంది దీంట్లో. ఓపెన్ స్కూల్ వాళ్ళిచ్చే పుస్తకాలు వేరు, పాలిసెట్‌లో ప్రశ్నలు వచ్చేది రెగ్యులర్ పదో తరగతి సిలబస్ నుంచి. ఓపెన్ పుస్తకం మాత్రమే చదివి పాలిసెట్‌కి పోతే సగం ప్రశ్నలు కొత్తగా కనిపిస్తాయి. కాబట్టి పదో తరగతి గవర్నమెంట్ పుస్తకాలే, మ్యాథ్స్, ఫిజికల్ సైన్స్ వరకు, మొదటి నుంచీ చదివించండి. 2024-25 నుంచి మన రాష్ట్రంలో పదికి ఎన్‌సీఈఆర్‌టీ పద్ధతిలో వచ్చిన పుస్తకాలు ఉన్నాయి. పాతవి ఎవరిదగ్గరో తెచ్చి చదివిస్తే లాభం లేదు. ఓపెన్ పరీక్షకు నెలన్నర ముందు వాళ్ళ పుస్తకాలు, పాత పేపర్లు ఒక చుట్టు తిప్పితే సరిపోతుంది, లెక్కల్లో మీరు తోడుగా ఉన్నారు కదా.

లేదు, వాడికి ఇంటర్‌కే పోవాలనుంది, ఐఐటీనో ఎన్‌ఐటీనో మనసులో ఉందంటారా, అప్పుడు లెక్క మారుతుంది. ఓపెన్ టెన్త్ పాసైన పిల్లోణ్ణి ఏ జూనియర్ కాలేజీ అయినా రెగ్యులర్‌గా చేర్చుకుంటుంది. నా మటుకు నేను చెప్పేది ఏమంటే, ఎంపీసీ చదవాలనుకుంటే రెండేళ్ళు మీ ఊళ్ళోనే ఒక కాలేజీలో డే స్కాలర్‌గా చేర్పించండి. గవర్నమెంట్ కాలేజీ అయినా సరే. వాడు పారిపోయి వచ్చింది హాస్టల్ నుంచి, చదువు నుంచి కాదు, ఆ తేడా ఇంట్లో అందరూ గుర్తుపెట్టుకోవాలి. ఇంటర్ బోర్డు కాలేజీకి పోకుండా ప్రైవేటుగా రాయనిచ్చేది ఆర్ట్స్ గ్రూపులకే, హాజరు మినహాయింపు ఫీజు కట్టి సీఈసీ, హెచ్‌ఈసీ లాంటివి రాసుకోవచ్చు. ఎంపీసీ, బైపీసీలకు ల్యాబు ప్రాక్టికల్స్ ఉంటాయి గనక ఆ వెసులుబాటు లేదు. పేరు ఒక కాలేజీలో, చదువు ఇంకో చోట అనే డమ్మీ బేరం ఎవరైనా తెస్తే ఒప్పుకోకండి. హాజరు లేని డమ్మీ పిల్లల్ని పెట్టుకున్నాయని సీబీఎస్ఈ 2024 నవంబరులో ఒకేసారి 21 స్కూళ్ళ గుర్తింపు రద్దు చేసింది. అవి ఢిల్లీ, రాజస్థాన్ స్కూళ్ళే అనుకోండి, కానీ గాలి ఎటు వీస్తోందో తెలుస్తోంది కదా.

ఇంటర్ కూడా ఇంట్లోనే అని వాడు పట్టుబడితే అప్పుడు ఎన్‌ఐఓఎస్ పన్నెండో తరగతి ఉంది. జేఈఈ మెయిన్ అర్హతల్లో ఎన్‌ఐఓఎస్ పేరు రాసే ఉంది, ఐదు సబ్జెక్టులతో పాసవ్వాలి. మ్యాథ్స్ 311, ఫిజిక్స్ 312, కెమిస్ట్రీ 313, ఇంగ్లిష్ 302, ఇవి కోడ్‌లు, ఐదోది వాడికి నచ్చింది తీసుకోవచ్చు, కంప్యూటర్ సైన్స్ 330. సైన్సు సబ్జెక్టుల్లో థియరీ 80, ప్రాక్టికల్ 20, రెండింట్లో వేరువేరుగా పాసవ్వాలి. టెన్త్ పాసైన రెండేళ్ళకు గానీ పన్నెండో తరగతి సర్టిఫికెట్ ఇవ్వరు. ఏడాది తర్వాత నాలుగు సబ్జెక్టుల దాకా రాసుకోవచ్చంటారు గానీ, ఐఐటీ ఆశ ఉన్నవాడు ముక్కలుగా రాయకపోవడం మంచిది. ఎందుకంటే జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో పన్నెండో తరగతి మొదటిసారి రాసిన ఏడాదీ, ఆ మరుసటి ఏడాదీ మాత్రమే అవకాశం. ఆ మొదటిసారి అన్న లెక్క ముందుగానే మొదలైందని రేపు ఎవరైనా అంటే వాదించుకుంటూ కూర్చోవాలి. ఐదూ ఒకే విడతలో రాస్తే ఆ గొడవే ఉండదు.

ఇంకొకటి, మార్కులు. జేఈఈ రాయడానికి ఇంత పర్సెంటేజ్ అని లేదు గానీ, ఐఐటీ, ఎన్‌ఐటీ, కేంద్ర ట్రిపుల్ ఐటీల్లో సీటు తీసుకోవాలంటే పన్నెండులో 75 శాతం ఉండాలి, లేదా వాళ్ళ బోర్డులో పై 20 పర్సెంటైల్‌లో ఉండాలి. ఎస్సీ, ఎస్టీలకు 65 శాతం. మన ఇంటర్ బోర్డులో మార్కులు ధారాళంగా పడతాయని అందరికీ తెలుసు, ఎన్‌ఐఓఎస్‌లో అట్లా పడతాయని అనుకుని కూర్చోవద్దు. పైగా వాళ్ళు సిలబస్‌ను రెండుగా చీల్చారు, సుమారు 40 శాతం ఇంట్లో రాసి పంపే అసైన్‌మెంట్ల కిందకి, మిగతా 60 శాతం పబ్లిక్ పరీక్ష కిందకి. పబ్లిక్‌లో రానివి చదవడం ఎందుకులే అని వదిలేస్తే జేఈఈలో దొరికిపోతాడు, అక్కడ ఆ చీలిక ఏమీ లేదు. సెంటర్ ఎంచుకునేటప్పుడు బెంగళూరు దగ్గరే కదా అని అక్కడ పెట్టుకోకండి. ఎన్‌ఐఓఎస్ పిల్లలకు సొంత రాష్ట్రం ఏదన్నది స్టడీ సెంటర్ ఉన్న రాష్ట్రాన్ని బట్టి చూస్తారు. కర్ణాటక సెంటర్ పెట్టుకుంటే తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీలో మన రాష్ట్రం పిల్లలకు ఉండే సగం సీట్ల కోటా పోతుంది. కర్నూలు జగన్నాథగట్టు మీదున్న ట్రిపుల్ ఐటీడీఎంలో అయితే సొంత రాష్ట్రం కోటా లేదు, అక్కడ ర్యాంకే.

ట్రిపుల్ ఐటీ అంటే మీ జిల్లాలో అందరికీ ముందు గుర్తొచ్చేది ఇడుపులపాయ. మీ బావగారి మాట నిజమయ్యేది ఇక్కడ. ఇడుపులపాయతో సహా జనం ట్రిపుల్ ఐటీలనే మన రాష్ట్ర ఆర్‌జీయూకేటీ క్యాంపస్‌లకు ఎంట్రన్స్ లేదు, పదో తరగతి మార్కులే. ఆ పది రెగ్యులర్‌గా, మొదటి ప్రయత్నంలోనే పాసై ఉండాలి. ఓపెన్‌లో కట్టినవాడికి ఆ తలుపు మూసుకున్నట్టే. అది మీ ఇంట్లో ఎవరి కల అయినా అయితే ఇప్పుడే చెప్పుకోండి, ఏదో ఒక హైస్కూల్లో పదిలో రెగ్యులర్‌గా చేర్చడం ఒక్కటే మార్గం. ఆ క్యాంపస్ కూడా హాస్టలే అని వేరే చెప్పక్కర్లేదు అనుకుంటాను.

ఈఏపీసెట్ (ఇంటర్ తర్వాత రాసే ఇంజనీరింగ్ ఎంట్రన్స్), పాలిసెట్ రెండింట్లోనూ ఎవరూ చెప్పని కాగితం ఒకటుంది, లోకల్ కాగితం. మన రాష్ట్రంలో 85 శాతం సీట్లు లోకల్ వాళ్ళవి. కడప, కర్నూలు, అనంతపురం, చిత్తూరు పాత జిల్లాలు, నెల్లూరు కలిపి ఎస్వీ యూనివర్సిటీ ఏరియా. లోకల్ అని తేల్చేది అర్హత పరీక్షతో (పాలిసెట్‌కి పది, ఈఏపీసెట్‌కి ఇంటర్) ముగిసే నాలుగేళ్ళు ఎక్కడ చదివాడన్నదాన్ని బట్టి, అందుకే కౌన్సెలింగ్‌లో ఏళ్ళవారీగా స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. మీవాడికి ఎనిమిది దాకా ఉన్నాయి, తొమ్మిదిలో కొన్ని నెలలు ఉన్నాయి, ఆ తర్వాత ఖాళీ. బడిలో చదవని కాలానికి నివాసమే ఆధారం. ఎక్కడా సంస్థలో చదవకుండా ప్రైవేటుగా రాసినవాళ్ళను కౌన్సెలింగ్‌లో అర్హత పరీక్షకు ముందు 7 ఏళ్ళ నివాస ధ్రువపత్రం అడుగుతారు. అది తహసీల్దారు ఇవ్వాలి, సచివాలయంలోనో మీసేవలోనో అర్జీ పెట్టుకోవాలి. కౌన్సెలింగ్ మొదలయ్యాక జనం అంతా ఆ ఆఫీసు ముందే ఉంటారు, సర్వర్ పనిచేయదు, సారు మీటింగ్‌కి పోయుంటాడు. పరీక్ష రాసిన వారంలోనే తెచ్చిపెట్టుకోండి. పాత స్కూలు నుంచి టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, ఆ హాస్టల్ స్కూలు నుంచి కూడా, ఇప్పుడే తెచ్చుకోండి. ఫీజు బాకీ ఉందని వాళ్ళు నానిస్తే ఎంత బాకీయో కాగితం మీద రాసివ్వమనండి, చాలాసార్లు అక్కడే మాట మెత్తబడుతుంది. ఇంటర్ మార్కులకు ఈఏపీసెట్‌లో ఇచ్చే వెయిటేజీ ఏళ్ళవారీగా తీస్తూ పెడుతూ వచ్చారు, దాని గురించి ఇప్పుడు తల పాడుచేసుకోవద్దు, రాసే ఏడాది బ్రోచర్ చూద్దురుగానీ.

మీ మరిదికి నా నమస్కారాలు చెప్పండి. శాట్ అనేది సర్టిఫికెట్ కాదు, ఒక స్కోరు. 1600కి లెక్కేస్తారు, ల్యాప్‌టాప్ మీద రెండు గంటల పద్నాలుగు నిమిషాల పరీక్ష, ఇంట్లో చదివే పిల్లలూ రాసుకోవచ్చు, రిజిస్ట్రేషన్‌లో స్కూలు దగ్గర హోమ్ స్కూల్ అని పెట్టుకునే వీలుంది. కానీ అది రాసినంత మాత్రాన మీవాడు పది పాసైనట్టు కాదు, పన్నెండు పాసైనట్టు అంతకన్నా కాదు. అమెరికా కాలేజీకి పోవాలన్నా ఒక బోర్డు నుంచి మార్కుల కాగితం చేతిలో ఉంటేనే మాట సాగుతుంది. పదిహేడేళ్ళు వచ్చాక, అప్పటికీ ఆ ఆలోచన ఉంటే, పాస్‌పోర్టు చేయించి రాయించండి. కేంబ్రిడ్జ్ ఐజీసీఎస్ఈ అనే విదేశీ పది పరీక్ష గురించి కూడా ఎవరో ఒకరు చెబుతారు మీకు. ప్రైవేటు అభ్యర్థులకు ఆ దారి ఉంది, ఐదు సబ్జెక్టుల్లో సీ గ్రేడు గానీ అంతకన్నా పైది గానీ తెచ్చుకుంటే ఇక్కడ పదితో సమానంగా చూస్తారు. అయితే సబ్జెక్టుకింత అని కట్టే ఫీజులు, సెంటర్ కోసం హైదరాబాదో బెంగళూరో తిరగడం, ఇవన్నీ వైండింగ్ షాపు మీద బతికే ఇంటికి అనవసరపు భారం అని మొహమాటం లేకుండా చెప్తున్నాను.

ఇంజనీరింగే కాదు అనుకుంటే, అనంతపురంలో సెంట్రల్ యూనివర్సిటీ ఉంది, దాంట్లో డిగ్రీలకు సీయూఈటీ అనే ఎంట్రన్స్ రాయాలి, ఆ పరీక్షకు ఓపెన్ బోర్డుల పిల్లలూ వస్తారు. డాక్టర్ చదువు మీవాడి ధ్యాస కాదు గానీ, ఇది చదివే వేరే తల్లుల కోసం ఒక మాట: ఓపెన్ వాళ్ళు నీట్‌కి పనికిరారన్న పాత నిబంధనను 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది, గుర్తింపు ఉన్న ఓపెన్ బోర్డుల పిల్లలు నీట్ రాయొచ్చు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ ప్రాక్టికల్స్‌తో సహా ఉండాలి, వయసు ఆ ఏడాది డిసెంబరు 31కి 17 నిండాలి.

చివర్లో రాశారు గానీ మీరు మొదట చేయాల్సిన పని పుట్టిన తేదీది. ఆధార్‌లో ఒకటి, మున్సిపాలిటీ సర్టిఫికెట్‌లో ఒకటి ఉన్నాయన్నారు. టెన్త్ సర్టిఫికెట్‌లో ఏ తేదీ పడితే ఇక జీవితాంతం అదే పుట్టిన తేదీ, పాస్‌పోర్టుకైనా, ఉద్యోగానికైనా, రిటైర్మెంటుకైనా. ఒకసారి పడ్డాక మార్పించడం అంటే ఏళ్ళ తరబడి తిరుగుడే. అందుకని ఫారం జోలికి పోకముందే మున్సిపాలిటీ సర్టిఫికెట్ పట్టుకుని ఆధార్ సెంటర్‌కి పోండి, ఆధార్‌లో పుట్టిన తేదీ మార్పు మామూలుగా ఒక్కసారే ఒప్పుకుంటారు కాబట్టి ఆపరేటర్ టైప్ చేసింది రసీదులో సరిచూసుకుని గానీ అక్కడి నుంచి కదలకండి. పాత స్కూలు టీసీలో ఏ తేదీ ఉందో అది కూడా చూడండి, మూడూ ఒకటే కావాలి. పేరు స్పెల్లింగు, ఇంటిపేరు ముందా వెనకా, తండ్రి పేరు, ఇవి కూడా అంతే. ఓపెన్ స్కూల్ నోటిఫికేషన్ మామూలుగా జూలై, ఆగస్టు ప్రాంతంలో వస్తుంది, తర్వాత లేటు ఫీజుతో కొన్నాళ్ళు తీసుకుంటారు, ఆ లోపల ఈ కాగితాల పని అయిపోతుంది. పాలిటెక్నిక్ సంగతి మాత్రం వాళ్ళ నాన్నను షాపులో పని మధ్యలో వాడితో మాట్లాడమనండి, మీరు అడిగితే మీకు నచ్చే జవాబు చెప్తాడేమోనని నాకు అనుమానం.